నేలకు బిగించని మోటరు

ఆశన్న కాలిన మోటరు కడుపులోంచి రాగి తీగ గుంజుతున్నాడు. ఉలి తగిలిన చోటల్లా నల్లటి పొక్కులు రాలి, మోకాళ్ల మీది గోనెపట్టాపై పడుతున్నాయి. బోధన్‌లోని ఆ రేకుల దుకాణంలో పెళ్లయిన ఏటి నుంచీ ఇదే కూర్చోవడం, ఇదే గుంజడం. బొటనవేలి మీద తీగ కోసిన గాటు ఒకటి మానకముందే ఇంకొకటి పడి, చర్మం ఎద్దు మెడలా మొద్దుబారింది. ఎంత రుద్దుకున్నా వార్నిష్ వాసన పోదు. ఆ వాసన లేకపోతే ఎవరో పరాయివాడు ఇంట్లోకి వచ్చినట్టుంటుందని భార్య విమలమ్మ ఎగతాళి చేస్తుంది.

చుట్టుపక్కల ఏ చెరుకు మడి గట్టున నిలబడ్డా ఆయన కొత్త తీగ చుట్టి బాగుచేసిన నీళ్ల మోటరు మోత వినిపిస్తుంది. కానీ ఆ మోటర్లన్నీ సిమెంటు దిమ్మెకు బిగించినవే. ఎంత తిరిగినా ఉన్నచోటే తిరుగుతాయి. ఆశన్న బతుకూ అంతే. ఒకప్పుడు దుబాయి పోదామని పాస్‌పోర్టు తీస్తే, తండ్రి కాశయ్య మంచాన పడ్డాడు. పెళ్లిళ్లకో చావులకో తప్ప నిజామాబాద్ దాటింది లేదు. అందుకు ఏడ్చిందీ లేదు. ఒక్క కోరిక మాత్రం ఉండిపోయింది. తన చేత్తో చుట్టిన మోటరు ఒక్కటైనా ఎటైనా పోవాలి, అది పోతుంటే తాను నిలబడి చూడాలి.

ఆ కోరికను రగిలించింది సతీష్‌బాబు. తాతల నాడు కోస్తా నుంచి వచ్చి కాలువ కింద భూమి కొన్న కుటుంబం వాళ్లది. మనవలను ఎత్తుకోవాల్సిన వయసులో ఆయన హైదరాబాద్ పోయి తనకోసం రిమోట్ కారు కొనుక్కొచ్చాడు. మూతపడిన చక్కెర ఫ్యాక్టరీ వెనక, ఒకప్పుడు చెరుకు బండ్లు బారులు తీరిన సిమెంటు దారి మీద దాన్ని ఉరికించాడు. ఆశన్న నోరు తెరుచుకుని చూశాడు. ఆ వారమే తానూ ఒక ఎర్ర కారు తెప్పించుకున్నాడు.

కారుకు మోటరు విడిగా కొనాలి. దాన్ని ఎంచుకోవడం దగ్గరే బోల్తా పడ్డాడు. ఫోన్‌లో ప్రతి మోటరు పక్కనా ఒక అంకె, దాని పక్కన కేవీ అని ఉంది. ఆశన్నకు తెలిసిన కేవీ ఒక్కటే, ఊరి బయట స్తంభాల మీద పోయే పదకొండు కేవీ తీగ. దాని కిందికి పోవడానికే జనం జంకుతారు. అలాంటిది గుప్పెట్లో పట్టే మోటరుకు వేల కేవీలా? ఇల్లు కాలిపోతుందని హడలి, అన్నిట్లోకీ చిన్న అంకె ఉన్నది తెప్పించాడు. సతీష్‌బాబుతో వేసిన పందెంలో ఆ కారు నిండు చెరుకు బండిలా నడిచింది. సతీష్‌బాబు నవ్వలేక గట్టు మీద కూలబడ్డాడు.

"ఆ కేవీ కాదయ్యా ఆశన్నా. ఒక్కో వోల్టుకి ఎన్ని రౌండ్లు తిరుగుద్దో ఆ లెక్క ఇది," అన్నాడు కళ్లు తుడుచుకుంటూ.

"గంతేనా? గీ ముచ్చట ముందే సెప్పొద్దా," అన్నాడు ఆశన్న. ఆయనకూ నవ్వాగలేదు.

ఈ సాయంత్రం మళ్లీ పందెం. పొద్దున్నే సతీష్‌బాబు దుకాణం ముందు ట్రాక్టరు ఆపి, ఒక పెట్టె చేతిలో పెట్టి పోయాడు. అందులో కొత్త మోటరు, అచ్చం తన కారుకున్నలాంటిదే. ఆశన్న ఉలి పక్కన పెట్టి, కొత్తదాన్నీ తన మందకొడి దాన్నీ చెరో అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాడు. కొత్తది బిగిస్తే గెలిచినా గెలవవచ్చు. కానీ దాన్ని చుట్టిన చేయి ఎవరిదో.

విమలమ్మ సద్దిగిన్నె తెచ్చి దించింది. "ఏందయ్యా, అంగట్ల వంకాయలు ఏరినట్టు గా సూసుడు. కొత్తది పెట్టి బువ్వ తిను."

"కొత్తది మంచిగ ఉరుకుతది. గాని అది నా మోటర్ గాదే."

"మరి నీదాన్నే ఉరికియ్యి. సుట్టుడు నీకు రాదా ఏంది?"

ఆశన్న ఆమె వంక చూశాడు. ఇంత చిన్న సంగతి తనకెందుకు తట్టలేదో అర్థం కాలేదు. అన్నం అక్కడే వదిలేసి పాత మోటరు విప్పాడు. చుట్లు తగ్గితే వేగం పెరుగుతుంది. ఇన్నేళ్లూ నీళ్లు లాగే బలం కోసం చుట్లు నింపిన చేయి, ఇప్పుడు సన్న తీగ విప్పేసి, లావు తీగతో కొన్నే చుట్లు వేసింది. విమలమ్మ తీగ కండె పట్టుకుని కూర్చుంది. వార్నిష్ ఎండాక బ్యాటరీ తగిలిస్తే మోటరు చెవులు గింగురుమనేలా కూసింది.

"కుక్కర్ లెక్క కూస్తుంది," అంది విమలమ్మ చెవులు మూసుకుని. ఆశన్నకు అంతకంటే మంచి మాట ఎవరూ చెప్పలేదు.

సాయంత్రం సిమెంటు దారి మీద రెండు కార్లూ పక్కపక్కన నిలిచాయి. విమలమ్మ కొంగు ఊపింది. ఆశన్న రిమోట్ మీది మీట నొక్కాడు. ఎర్ర కారు ఒక్క గెంతు గెంతి, చెరుకు తూచే పాత కాంటా చేరకముందే సతీష్‌బాబు కారును దాటిపోయింది. చూస్తుండగానే కారు పిడికెడంతయింది, తర్వాత రేగుపండంతయింది.

ఆపాలన్న సంగతి ఆయనకు తట్టనే లేదు. ఆయన చుట్టిన మోటర్లను ఎవరూ ఆపరు. రైతు ఆటో స్టార్టరు పెట్టుకుని ఇంటికి పోతాడు, కరెంటు పోతే అవే ఆగుతాయి, వస్తే అవే లేస్తాయి. నొక్కిన వేలు నొక్కినట్టే ఉంది. దారి అయిపోయింది. కారు గట్టు మీంచి ఎగిరి చెరుకు తోటలో దూరింది. ఆకుల గలగల లోలోపలికి పోయి, ఇక వినిపించలేదు.

"వేలు తియ్యవయ్యా," అన్నాడు సతీష్‌బాబు, అంతా అయ్యాక.

ముగ్గురూ మునిమాపు దాకా వెతికారు. నిలువెత్తు చెరుకులో ఏమీ కనబడలేదు.

"మా చేనేగా, నరికేటప్పుడు దొరుకుద్ది. ఎక్కడికి పోద్దిలే," అన్నాడు సతీష్‌బాబు, ఓదారుస్తున్నట్టు.

"పోయింది గద సతీష్‌బాబూ," అన్నాడు ఆశన్న. చెరుకాకు గీసిన చెంపల నిండా నవ్వే. "నేను సుట్టిన మోటర్. ఎట్ల పోయిందో సూసినవా?"

విమలమ్మ ఆయన జుట్టులోని ఆకు తీసేసింది. ముగ్గురూ నవ్వుకుంటూ దారి పట్టారు.

ఇంటికి పోతూ ఆశన్న దుకాణం దగ్గర ఆగాడు. కొత్త మోటరు పెట్టెను తిరిగి ఇవ్వడానికి సంచిలో వేసుకున్నాడు. పొద్దుటి కాలిన మోటరు, ఇంకా సగం తీగతో, గోనెపట్టా మీద ఎదురుచూస్తోంది. రిమోట్‌ను అరలో పెట్టి, దాన్ని ఆర్పే బొత్తాం నొక్కబోయి, చేయి వెనక్కి తీసుకుని తలుపు దగ్గరికి వేశాడు. వార్నిష్ డబ్బా పక్కన, కారు లేని చోట, రిమోట్ మీది ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది.