నూకరత్నం రక్తపరీక్ష

ఆంధ్రరాష్ట్రం వచ్చిన ఏడాది, చోడవరంలో చెరకు రైతు బంగార్రాజు పెళ్ళాం నూకరత్నానికి వానల్లో పట్టిన దగ్గు వరికోతలు వచ్చినా తగ్గలేదు. తెల్లవారుజామున మొదలైతే ఊపిరాడేది కాదు. మనిషి చిక్కిపోయింది. బజారులో మందులిచ్చే ఆయన వీపు మీద రెండుసార్లు తట్టి, "క్షయలాగుంది" అన్నాడు. ఆ "లాగుంది" ఇంటికొచ్చేసరికి ఎగిరిపోయింది. క్షయేనని ఖాయమైపోయింది.

అత్త అచ్చియ్యమ్మ ఆమె పక్కబట్టలు చెరకుతోటలో బెల్లం వండే పాకకి పంపించేసింది. మూడేళ్ళ కూతురిని అటు పోనివ్వలేదు. బంగార్రాజు అన్నం తెచ్చి గుమ్మం బయట పెట్టి, మొహం చూడకుండా వెళ్ళిపోయేవాడు. మందు మాట ఎవరూ ఎత్తలేదు.

బుచ్చయ్యపేట నుంచి చూడ్డానికొచ్చిన తమ్ముడు పరదేశి, అక్కని ఆ రోజే బస్సెక్కించి అనకాపల్లిలో ఒక డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆవిడ రక్తమూ కఫమూ పరీక్ష చేయించింది, ఎక్స్‌రే తీయించింది. అన్నీ చూసి, "నీకు క్షయ లేదు. రక్తంలో తెల్లకణాలు మాత్రం చాలా పెరిగిపోయాయి" అంది.

"అంటే ఏటమ్మా? నెత్తురు తెల్లబడిపోతందా?"

"కాదమ్మా. అవి అందరి రక్తంలోనూ ఉంటాయి. ఒంట్లో ఏదైనా చేరితే దాంతో పోరాడ్డానికి పెరుగుతాయి. అవి పెరగడమే ఒక రోగం అనుకోకు. లోపల ఏదో ఉంది, వెతకమని అర్థం. వాటిలో రకాలున్నాయి. నీకు పెరిగిన రకాన్ని బట్టి ఇది ఇసినోఫిలియా. మాత్రలకి తగ్గుతుంది. పక్కవాళ్ళకి అంటుకోదు."

నూకరత్నానికి సంతోషం కంటే ముందు కోపం వచ్చింది. పాకకి వెళ్ళలేదు. తిన్నగా ఇంటికే వచ్చింది. తెల్లకణాల మాట పరదేశి నోట విని అచ్చియ్యమ్మ గుమ్మానికి అడ్డం నిలబడింది.

"తెల్లనెత్తురంట. అదింకెంత పాడు రోగమో" అంది కొడుకుతో.

నూకరత్నం వాకిట్లోనే నిలబడి, డాక్టరమ్మ చెప్పినదంతా చెప్పింది. తర్వాత మొగుడి వైపు తిరిగింది.

"నెత్తురు తీసి సూస్తే తేలిపోయింది. నన్ను పాకలోకి తొయ్యడానికి తోచింది గానీ, డాక్టరుకి సూపించడానికి ఒక్కలికీ తోచలేదేటి?"

"అమ్మ సెప్పింది కదాని..."

"అమ్మ డాక్టరేటి?"

బంగార్రాజు తల దించుకున్నాడు. ఆమె అత్తని తప్పించుకుని లోపలికెళ్ళి కూతురిని ఎత్తుకుంది.

మాత్రలతో దగ్గు పోయింది. అచ్చియ్యమ్మ తన మొక్కు ఫలించిందని ఊరంతా చెప్పుకుంది. విన్నప్పుడల్లా నూకరత్నం, "మొక్కు కాదు, మాత్రలు. నాది క్షయ కాదు" అని దిద్దేది.

ఆ ఎండాకాలం పక్కవీధి దేముడమ్మ దగ్గుతూ రక్తం కక్కింది. ఆమెని అందులో పెట్టడానికి మొగుడు సత్యారావు పశువులసాల ఒక పక్క ఊడ్పించాడు. సంగతి తెలిసి నూకరత్నం వెళ్ళి, అతనితో తగువాడి, దేముడమ్మని అదే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. తనకి తేలినట్టే తేలుతుందనుకుంది. తేలలేదు. కఫంలో క్షయ క్రిములు కనిపించాయి.

"సూసేవా, మేం అన్నదే నిజమైంది" అన్నాడు సత్యారావు, వాళ్ళు తిరిగొచ్చి సంగతి చెప్పగానే.

 ఇన్నాళ్ళూ నూకరత్నం తనది క్షయ కాదు కాబట్టే పాకలో పెట్టడం తప్పన్నట్టు మాట్లాడింది. క్షయే అయ్యుంటే ఆ పాక న్యాయమేనా?

"క్షయైతే మాత్రం ఏటి?" అంది. "దానికీ మందుంది. డాక్టరమ్మ సూదిమందు రాసింది. దగ్గినప్పుడు గుడ్డ అడ్డం ఎట్టుకోమంది. గాలి తగిలే గదిలో పడుకోమంది. పశువులసాలలో పారెయ్యమని సెప్పలేదు. నీ పెళ్ళానికి గది ఇచ్చేదాకా నానిక్కడ్నించి కదల్ను."

అతని ఇంటి అరుగు మీద కూర్చుంది. ఎండ మొహం మీదికి వచ్చినా లేవలేదు. వీధిలో జనం చేరారు. సత్యారావు గొణుక్కుంటూ వీధిగదిలోంచి ధాన్యం బస్తా లాగడం మొదలెట్టాడు. జనంలోంచి బంగార్రాజు వచ్చి రెండో కొస పట్టుకున్నాడు.

నూకరత్నం అతని వైపు చూసింది.  బస్తాలన్నీ బయటికొచ్చేదాకా అక్కడే కూర్చుంది.