డ్రైవరమ్మ చెప్పాల్సిన మాట

తాపీ మేస్త్రీ కూతురు యూనివర్సిటీలో చేరి నెల దాటినా క్లాసులో నోరు విప్పలేదు. ముప్ఫైమంది విద్యార్థులు, తొమ్మిది భాషలు. తప్పు మాట్లాడితే నవ్విపోతారని గుండెల్లో ఒకటే బెరుకు.

పక్క కుర్చీ ఆవిడకు నలభై దాటాయి. వేరే దేశం నుంచి వచ్చి, పదేళ్ళు సిటీ బస్సు నడిపి, ఇప్పుడు చదువుకు దిగింది. అందరూ డ్రైవరమ్మ అనేవారు. మాట ముక్కలుముక్కలుగా వచ్చినా రోజూ చెయ్యెత్తేది.

"నాకు తెలీలేదు సార్. మళ్ళీ చెప్పు."

క్లాసు గొల్లుమనేది. ఆవిడా వాళ్ళతోపాటు నవ్వేసి, జవాబు రాబట్టుకునిగానీ కూర్చునేది కాదు.

"సిగ్గెయ్యదా అక్కా?" అని ఒకరోజు మేస్త్రీ కూతురు అడిగింది.

"బ్రేకు పడకపోతే సిగ్గుపడి ఊరుకుంటానా? అరుస్తా. ఇదీ అంతే."

ఆ వారమే ఆ పిల్ల మొదటిసారి చెయ్యెత్తింది. ఏడాది తిరిగేసరికి క్లాసులో ఆమె మాటకు ఎదురు లేదు.

పరీక్షల ముందు నలుగురేసి కలిసి ప్రసంగించాలి. వీళ్ళిద్దరూ ఒకే జట్టులో పడ్డారు. వచ్చిన అంశం, ఆసుపత్రుల్లో భాష రాని రోగులు. డ్రైవరమ్మ తన తల్లి కథ రాసుకొచ్చింది. నొప్పి ఎక్కడో నర్సుకు చెప్పుకోలేక ఆ తల్లి వార్డులో మూడు రోజులు మూలిగింది. నాలుగో రోజు కూతురు డ్యూటీ దిగి వచ్చేసరికి మంచం ఖాళీగా ఉంది.

"ఆవిడ మాట్లాడితే మన మార్కులు గల్లంతే. నువ్వే నచ్చజెప్పు" అన్నారు మిగతా ఇద్దరూ.

"అక్కా, నీ భాగం నేను చెప్పనా?" అంది మేస్త్రీ కూతురు, ముఖంలోకి చూడకుండా.

డ్రైవరమ్మ కాగితాల మడతలు సరిచేసి ఆమె చేతిలో పెట్టింది. "నీ నోట బాగుంటుందిలే."

ప్రసంగం రోజు మేస్త్రీ కూతురు ఎక్కడా తడబడలేదు. చప్పట్లు మోగాయి.

"ఎవరి తల్లి ఈవిడ?" అన్నాడు ప్రొఫెసరు.

డ్రైవరమ్మ లేచి నిలబడింది. పెదవులు కదిలాయిగానీ మాట పెగల్లేదు. మెల్లగా కూర్చుండిపోయింది. ఆ రోజు ఎవరూ నవ్వలేదు.

సెలవులయ్యాక ఆవిడ క్లాసుకు రాలేదు. మేస్త్రీ కూతురు వెతుక్కుంటూ బస్సు డిపోకు వెళ్ళింది.

"తప్పు నాదే అక్కా. నీ కోసమని కాదు, మార్కుల కోసమే అడిగాను. మళ్ళీ రా."

"షిఫ్టులు కుదరవమ్మా. చిక్కిపోయావు, సరిగ్గా తింటున్నావా?" అని తల నిమిరి, డ్రైవరమ్మ బస్సెక్కింది.

తర్వాత రెండు శనివారాలు ఆ పిల్ల డిపోకు వెళ్ళింది. కాళ్ళ నొప్పుల గురించీ వానల గురించీ ఆవిడ ఆప్యాయంగానే మాట్లాడింది. క్లాసు ఊసు ఎత్తితే మాత్రం టైమైందని లేచేది. నాలుగోసారి వెళ్తే వేరే డిపోకు మారిపోయిందన్నారు.

మేస్త్రీ కూతురు అక్కడి బెంచీ మీద కూలబడి, వచ్చేపోయే వాళ్ళు చూస్తున్నా పట్టించుకోకుండా, వెక్కివెక్కి ఏడ్చింది.