వంక పెట్టిన డయల్

జపాన్‌లో లక్క గిన్నెలకి పేరుపడ్డ మా వాజిమాలో ఇంట్లో వాడుకునే గిన్నెలన్నీ వంక పెట్టినవే. ఎక్కడో నలుసు ఉందని కొనేవాడు తిప్పి పంపితే అది నేరుగా మా వంటింట్లోకి వస్తుంది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ మిసో చారు తాగింది అలాంటి వాటిలోనే. మా బావ తోకుజి కొంప ముంచింది ఈ అలవాటే.

బావది లక్క పూసే పని. ఆయన పూసినదాన్ని నున్నగా రుద్దే పని నాది. మా అక్క సాయో సముద్రంలో మునిగి గుల్లలు ఏరే అమా. పెళ్ళయిన కొత్తలో నడుం దాకా ఉన్న జుట్టు కోసి, కుంచె చేయించుకోమని బావ చేతిలో పెట్టింది. లక్క కుంచెకి ఆడవాళ్ళ జుట్టే వాడతారు. ఉప్పునీళ్ళలో నానిన అమా జుట్టయితే మరీ మంచిదంటారు. ఆ జుట్టు కర్ర లోపల ఈ కొస నుంచి ఆ కొస దాకా ఉంటుంది. అరిగిన కొద్దీ పెన్సిల్‌లా కర్రని చెక్కుకుంటూ పోవాలి.

"చూడవే కినుయే, మీ బావ నన్నెంత పొదుపుగా వాడుకుంటున్నాడో," అని అక్క నవ్వేది.

జనవరి ఒకటిన భూకంపం వచ్చినప్పుడు అక్క ఒక్కతే ఇంట్లో ఉంది. ఇల్లు కూలింది, ఆ తర్వాత తగలబడింది. అక్క ఫొటో కూడా మిగల్లేదు. ప్రభుత్వం మాకిచ్చిన రేకుల గదిలో అక్కకి పూజగూడైతే పెట్టుకున్నాం గానీ అందులో ఫొటో ఉండాల్సిన చోటు ఖాళీ. బావ రోజూ పొద్దున్నే ఆ ఖాళీ ముందే అన్నం పెడతాడు. పనిపాకలో ఉండబట్టి కుంచె ఒక్కటీ దక్కింది. అందులో మిగిలింది వేలెడు జుట్టు; పట్టుకోవడానికి వెనక ఒట్టి కర్ర అతికించుకున్నాడు. దాన్ని గుడ్డలో చుట్టి దాచేశాడు.

ఆ ఏడాది చివర్లో వచ్చింది ఈ గడియారం పని. టోక్యో కంపెనీ ఒకటి మా ఊరి అమాల గౌరవార్థం లిమిటెడ్ ఎడిషన్ చేస్తుందట. నీళ్ళలో మునిగేవాళ్ళు పెట్టుకునే గడియారం, దాని డయల్ మీద సముద్రం అడుగులాంటి నల్ల లక్క పూత. వేరే కుంచెలతో పూస్తే గీతలు పడుతున్నాయి. బావ గుడ్డ విప్పాడు.

"అది ముట్టుకోకు బావా. మళ్ళీ తేగలవా ఆ జుట్టు?"

"అమాల పేరు మీద గడియారం చేస్తూ మీ అక్క చెయ్యి పడకపోతే ఎలాగే?"

నాకు ఒళ్ళు మండింది. చలికాలమంతా పూశాడు. చెక్కినప్పుడల్లా జుట్టు తరిగిపోతూ వచ్చింది. చివరి డయల్ పూస్తుంటే మిగిలిన కాస్త జుట్టూ ఊడి, ఒక వెంట్రుక తడి లక్క మీద పడింది. నలుసు పడితే సన్నపుల్లతో లేపేయడం మా పనిలో భాగమే. బావ పుల్ల తీశాడు, కాసేపు చూశాడు, పక్కన పెట్టేశాడు.

"వెంట్రుక బావా! కళ్ళు కనబడట్లేదా?"

"కనబడుతోందిలే. ఉండనీ. వాళ్ళు వంక పెడతారు. ఇంటికొచ్చేస్తుంది."

నాకు ఏడుపొచ్చింది. పూజగూట్లో ఆ ఖాళీ నిండుతుందని నాకూ ఆశ పుట్టింది. భూకంపం తర్వాత బావ నవ్వడం ఆ రోజే చూశాను.

సరుకు చూసుకోవడానికి హిరోసే అనే కుర్రాడు వచ్చాడు. మంచి మర్యాదస్తుడు. భూతద్దం పెట్టి ఒక్కొక్కటీ చూస్తూ చివరిదాని దగ్గర ఆగాడు.

"అయ్యో తోకుజి గారూ, ఇందులో వెంట్రుక ఉందండీ."

"నా పొరపాటేనండీ. అది నాకు వదిలేయండి."

"కుదరదండీ. వంకొచ్చిన డయల్‌ని ఇక్కడే నలిపేయాలి. ఒక్కటి బయటికి పోయినా లిమిటెడ్ ఎడిషన్ అనే మాటకి అర్థం ఉండదు." సంచిలోంచి చిన్న ఇనప యంత్రం తీశాడు.

బావ ముందుకు వంగాడు. "అది మా ఆవిడ జుట్టండీ," అన్నాడు.

హిరోసే చెయ్యి ఆగిపోయింది. బయటికెళ్ళి ఆఫీసుకి ఫోన్ చేశాడు. చాలాసేపు బతిమాలాడు, గోడ ఇవతలికి వినబడుతూనే ఉంది. తిరిగొచ్చి నేల మీద తల ఆనించాడు. "క్షమించండి."

"గడియారం అమాలదేగా! అమా జుట్టుంటే వంకెలా అవుతుంది?" అని అరిచాను. అతను తల ఎత్తలేదు. తిట్టడానికి కూడా చేతకాకుండా చేశాడు దిక్కుమాలినవాడు.

లేచి మీట నొక్కాడు. లక్క చిట్లిన శబ్దం చాలా చిన్నగా వినబడింది. ముక్కల్ని, పొడితో సహా, కవర్లోకి ఎత్తి అంటించాడు. గుమ్మం దగ్గర నసిగాడు: "లెక్కకి ఒకటి తగ్గిందండీ. అలాంటిదే ఇంకొకటి..."

"చేసిస్తాను," అన్నాడు బావ.

అతను వెళ్ళాక బావ కత్తి తీసుకుని కుంచె కర్ర చెక్కడం మొదలుపెట్టాడు. అక్కడ అతికించిన ఒట్టి కర్రే తప్ప ఏమీ లేదు.

"అయిపోయింది బావా."

"అడుగున ఇంకా ఉంటుందే. ఈ కొస నుంచి ఆ కొస దాకా ఉంటుంది కదా."

చెక్క పొట్టు ఒళ్ళో రాలుతోంది. కత్తి లాక్కుందామని దగ్గరికెళ్ళాను, ఆయన మొహం చూసి ఆగిపోయాను. వేళ్ళతో పట్టుకోవడానికి కర్ర మిగలకుండా పోయేంత వరకూ చెక్కాడు. లోపల ఎక్కడా నల్లగా కనబడలేదు.