ఉప్పు మీద పూచీ

విశాలి పంపిన మెసేజ్ చదివాక కుమారి కుర్చీలో కూర్చోలేకపోయింది.

సాలూరులో మేనమామ జగన్నాధం లారీ ఆఫీసులో ఆమె పని చేస్తోంది. ఆయన తెలుగులో చెబుతాడు, ఆమె ఇంగ్లీషులో రాసి పంపుతుంది. కింద పేరు మాత్రం ఆయనదే. ఏం రాశావని ఆయన ఎప్పుడూ అడగడు. ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది ఆమె ఒక్కతే మరి.

ఈ వానాకాలమంతా విజయనగరం గోనెసంచుల కంపెనీ సరుకు రాయపూర్‌కి చేరవేసే కాంట్రాక్టు కోసం పొద్దున మెయిల్ పంపారు. అది రాకపోతే లారీలు డీజిల్ బంకు వెనక ఊరికే నిలబడిపోతాయి.

"మా డ్రైవర్లు నా ఉప్పు తిన్నోళ్లు, మా మాట నమ్మండని రాసీ," అన్నాడు జగన్నాధం.

ఉప్పు మాట వినగానే కుమారికి కోచింగ్‌లో బట్టీ పట్టిన ముక్క ఒకటి గుర్తొచ్చింది. మా మాటను పించ్ ఆఫ్ సాల్ట్‌తో, అంటే చిటికెడు ఉప్పుతో, తీసుకోండి అని రాసింది. ఉప్పంటే విశ్వాసమే కదా. బాగా కుదిరిందనుకుని, బొబ్బిలిలో ఇంగ్లీషు చెప్పే స్నేహితురాలు విశాలికి కూడా పంపింది.

విశాలి జవాబు ఇప్పుడొచ్చింది. "ఒసే, ఉప్పంటే విశ్వాసం మనకి. ఇంగ్లీషులో అలా అంటే ఆ మాట పూర్తిగా నమ్మొద్దని. మీ మాట నమ్మొద్దని మీరే రాసీసారు."

కుమారి నీళ్లు తాగింది. మెయిల్ మళ్లీ తెరిచింది, మూసింది. బయట జగన్నాధం లోడు మీద కప్పే టార్పాలిన్ పరిచి చిరుగులు వెతుకుతున్నాడు. చెబుదామని గుమ్మం దాకా వెళ్లి వెనక్కొచ్చింది. మళ్లీ లేచింది. అంతలో ఫోను మోగింది.

కంపెనీ మేనేజరు హరిచరణ్. "మీ మెయిల్ చూశానమ్మా. ఘాట్ రోడ్డు ఎలా ఉన్నా టైముకి చేరుస్తామని అందరూ రాశారు. మా మాట పూర్తిగా నమ్మొద్దని మీరొక్కరే నిజం రాశారు. మీకే ఇద్దామనుకుంటున్నాం. సాయంత్రం చెబుతాను."

"థాంక్యూ సార్," అంది కుమారి.

ఊరుకుంటే కాంట్రాక్టు వస్తుంది. కానీ రేపెప్పుడో మాట పట్టింపు వస్తే, మాటిచ్చానని మావయ్య అంటాడు. నమ్మొద్దన్నది మీరేగా అని వాళ్లంటారు. ఆమె బయటికి నడిచింది.

"మావా, మెయిల్లో తప్పు రాసీసాను."

అంతా విన్నాక జగన్నాధం టార్పాలిన్ వదిలి దాని మీదే చతికిలబడ్డాడు. "అంటే నా పేరెట్టి నా మాట నమ్మొద్దన్నావా?"

"అవును మావా."

"మరి ఆడేటన్నాడు?"

"నిజం రాశారన్నాడు. మనకే ఇస్తాడంట."

"తిట్టాలో నవ్వాలో తెలీకుండా సేసావు కదే. నోర్మూసుకునుంటే వొచ్చీసేది. ఎందుకు సెప్తన్నావు?"

"కింద ఉన్నది నీ పేరు మావా."

ఆయన కొండల వైపు చూశాడు. అటు మబ్బు దిగి ఉంది.

"ఘాట్లో కొండ జారితే నానేటి సేస్తాను? టైము నమ్మొద్దనే సెప్పు. సంచి మాత్రం తడవదు. తడిస్తే నష్టం నాది. అది నమ్మాల. అంతే రాసీ. ఉప్పూ కారం ఏటీ ఎయ్యకు."

మొదటి మెయిల్లో మాట తప్పుగా పడిందని, అసలు మాట ఇదని చిన్న చిన్న వాక్యాల్లో రాసింది కుమారి. పంపాక ఫోను బల్ల మీద పెట్టింది, చేతిలోకి తీసుకుంది, చార్జింగ్ పెట్టింది, తీసేసింది.

చీకటి పడే వేళకి హరిచరణ్ ఫోను చేశాడు. "అయితే మొదట రాసింది పొరపాటా?"

"పొరపాటే సార్."

"తడిస్తే నష్టం మీదేనని రాశారు. ఆ మాట ఖాయమేనా?"

"ఖాయం సార్."

"సరే, డ్రైవరు నంబరు పంపండి. సోమవారం లోడింగ్."

కుమారి గుమ్మంలోకి వచ్చింది. జగన్నాధం తలెత్తాడు.

"ఏటన్నాడే?"

"డ్రైవరు నంబరు అడిగాడు."

ఆయన టార్పాలిన్ మళ్లీ విప్పి, పొద్దున పర్లేదని వదిలేసిన చిన్న చిరుగులో వేలు దూర్చి చూశాడు.

"ఆ సివర అట్టుకో. దీన్నిప్పుడే కుట్టించీయాల."