సుమ్నే పెరిగిన అడవి

అత్తిముగం ఊరు దాటినాక రాళ్లగుట్ట పక్కన లక్ష్మణప్పకూ, ఆయన తమ్ముడు అంజినప్పకూ ఉమ్మడిగా ఒక మెట్టభూమి ఉండేది. నడుమ గట్టు ఎక్కడ వేయాలన్న మాట మీద కొట్లాడుకుని ఇద్దరూ కోర్టుకెక్కారు. తీర్పు వచ్చేదాకా ఎవరూ అందులో కాలు పెట్టకూడదని కోర్టు చెప్పింది. తీర్పు రాలేదు. వకీళ్ల తలలు మాత్రం నెరిశాయి.

ఆ భూమి ఎవరి అనుమతీ అడగకుండా తన పని తాను చేసుకుపోయింది. పాత మొద్దులు చిగిర్చాయి. పిట్టలు రెట్టలతో వేసిన గింజలు మొలిచాయి. ముందు తంగేడు, తర్వాత కలివి పొదలు, వాటి చాటున రేల, మోదుగ, వెలగ లేచాయి. కౌజు పిట్టలు వచ్చాయి, వాటి వెనక నెమళ్లు వచ్చాయి. లక్ష్మణప్ప దాన్ని దయ్యాలదిబ్బ అని తిట్టుకుంటూ చుట్టు తిరిగి పోయేవాడు. ఆయన భార్య చిన్నమ్మ మాత్రం లోపలికి పోయి కలివికాయలు కోసుకొచ్చేది. కోర్టు కాలు పెట్టొద్దన్నది కొట్లాడిన మగవాళ్లనే అని ఆమె నమ్మకం.

ఒక ఎండాకాలం బెంగళూరు నుంచి సుధామణి అనే ఆమె వచ్చింది. అడవుల మీద పనిచేసే ఒక సంస్థ మనిషి. ఫోనులో ఉపగ్రహం తీసిన బొమ్మలు చూపించింది.

"దేశంలో నాటిన తోటలు పెరుగుతా ఉన్నాయి సార్. వాటిని కూడా అడవి అనే చెప్పుకుంటున్నారు. తనంతట తాను మొలిచే అడవి ఈ చుట్టుపక్కల ఏటేటా తగ్గిపోతా ఉంది. పెరిగింది మీ భూమిలో ఒక్కచోటే. ఎట్ల చేసినారు?"

తమ్ముడి మీద కోపంతో అన్నది నిజమైన జవాబు. అది నాలుక చివరి దాకా వచ్చింది కూడా. కానీ కెమెరా తన వైపు తిరగడం చూసి లక్ష్మణప్ప కండువా సర్దుకున్నాడు.

"బిడ్డను సాకినట్టు సాకినానమ్మా," అన్నాడు.

ఆయన ఫొటో పేపర్లో పడింది. సుధామణి సంస్థవాళ్లు కృష్ణగిరిలో సన్మానం చేసి, ప్రైజిచ్చి శాలువా కప్పారు. మరునాడే జూజువాడి నుంచి అంజినప్ప దిగాడు. అక్కడ చెక్‌పోస్టు దగ్గర ఆయనకు లారీ టైర్ల అంగడి ఉంది. వకీలు లేకుండా అన్నదమ్ములు ఎదురుపడి ఎన్నేళ్లయిందో ఇద్దరికీ గుర్తు లేదు.

"సాకినావా? ఒక్క చెంబు నీళ్లు పోసినావా నువ్వు? అడివిలో సగం నాది!"

"నువ్వేం చేసినావప్పా దానికి?"

"ఏమీ చేయలే! నువ్వెంత చేయలేదో నేనూ అంతే చేయలే."

"నేను పెద్దోన్ని. ముందు వదిలేసింది నేను."

"నేను ఆ దిక్కు తల కూడా తిప్పలే. నువ్వు బస్సు కిటికీలోంచి చూస్తా ఉంటివి. నాకు తెలీదా?"

చిన్నమ్మ నవ్వు ఆపుకోలేక కాఫీ సగం ఒలకబోసింది. చివరికి ఇద్దరూ రాజీ పడ్డారు. కేసు వాపసు తీసుకున్నారు, పేరు చెరిసగం అనుకున్నారు. ఊరంతా సంతోషించింది. సంతోషించడానికి ఏమీ లేనిది ఆ అడవికే.

ఎందుకంటే సంస్థకు డబ్బిచ్చే పెద్దమనిషి ఒకడు అడవి చూడటానికి వస్తున్నాడని కబురు వచ్చింది.

"వచ్చినోళ్లకి మనం ఏదో చేసినట్టు కనపడాల గదా," అన్నాడు అంజినప్ప. లక్ష్మణప్పకు ఆ మాట నచ్చింది. జేసీబీ వచ్చింది.

"బాగుండేదాన్ని ఎందుకు గెలుకుతారు? దాని పాటికి దాన్ని సుమ్నే వదిలేయండప్పా," అని చిన్నమ్మ దానికి అడ్డం నిలబడింది.

"ప్రైజు వచ్చింది నాకా, నీకా?" అన్నాడు మొగుడు. ఆమె పక్కకు తప్పుకుంది. కలివి పొదలు కూలుతుంటే చూడలేక ఇంటికి వచ్చి, ఆ రోజు ఎవరికీ అన్నం వండలేదు.

పొదలు పోయాయి. వంకర చెట్లు పోయాయి. మిగిలిన వాటికి సున్నం కొట్టి ఎర్రమన్ను పట్టీలు వేశారు. ఖాళీ అయిన చోట నర్సరీ మొక్కలు వరసల్లో నాటారు. అడవి వాకిట్లో అన్నదమ్ముల బొమ్మలతో ఆర్చి లేచింది.

పెద్దమనిషి కారు దిగి కళ్లద్దాలు తీశాడు. "ముందు ఎట్ల ఉన్నింది?"

"పూరా పొదలు సార్. మనిషి దూరే దానికి లేదు," అన్నాడు లక్ష్మణప్ప.

"ఇప్పుడే అడవి మాదిరి ఉంది," అని మెచ్చుకుని, ఒక రేల చెట్టును వేళ్లతో సహా పీకిన గుంటలోనే మొక్క నాటి, ఫొటోకు నవ్వి పోయాడు.

సుధామణి ఒకసారి ఫోన్లో బొమ్మను, ఒకసారి ఎదురుగా నేలను చూసింది. "ఆ పచ్చదంతా ఏమైందమ్మా?" అని చిన్నమ్మను మెల్లిగా అడిగింది.

"మీ ప్రైజు మేసేసిందమ్మా."

సుధామణి తల వంచుకుంది. ఆర్చి దగ్గర ఎవరో గ్రూపు ఫొటోకు పిలిస్తే మాత్రం పోయి నిలబడింది.

ఆ తర్వాత అన్నదమ్ములకు తీరిక లేకుండా పోయింది. అడవిని పెంచడం ఎలాగో చెప్పమని స్కూళ్లు పిలిచాయి, ఫ్యాక్టరీలు పిలిచాయి. కారు ఎక్కడం, శాలువా కప్పించుకోవడం అలవాటైంది. నీళ్లు పోసే నాథుడు లేక నర్సరీ మొక్కలు వరసల్లోనే ఎండిపోయాయి. వానలు పడ్డాక చిన్నమ్మ ఒకనాడు పోయి చూస్తే, జేసీబీ పళ్లకు చిక్కకుండా నేలలో మిగిలిన వేళ్లు ఎర్రటి చిగుళ్లు వేస్తున్నాయి. ఆమె అక్కడే కూచుని చాలాసేపు వాటిని తాకుతూ ఉండిపోయింది.

ఆ సాయంత్రం లక్ష్మణప్ప అలసిపోయి వచ్చాడు. "ఇంక మీటింగులు చాలు. రేపట్నుంచి మన అడివి చూసుకోవాల. అంతా దున్నించి కొత్త మొక్కలు పెట్టిస్తాను," అన్నాడు.

చిన్నమ్మకు పొద్దున చూసిన చిగుళ్లు కళ్ల ముందు మెదిలాయి.

"అట్లంటే ఎట్లయ్యా? కెలమంగలంలో పట్టుపురుగులు పెంచేవాళ్లు నీ కోసం కాచుకోని ఉండారు. నువ్వొచ్చి నాలుగు మాటలు చెప్తేనే వాళ్లకి బుద్ధి వస్తుందంట," అంది.

లక్ష్మణప్ప అలసట ఎగిరిపోయింది. తెల్ల చొక్కాకు ఇస్త్రీ చేయించమని చెప్పి, తమ్ముడికి ఫోన్ చేయడానికి వీధిలోకి పోయాడు.

ఆమె పెరట్లోకి పోయి కెలమంగలంలో ఉన్న చెల్లెలికి ఫోన్ చేసింది.

"భువనా, రేపు మీ బావ ఆడికి వస్తా ఉండాడు. ఎవరినైనా నలుగురిని కూచోబెట్టు. ఎంతసేపు మాట్లాడినా చప్పట్లు కొట్టమను."