కోకిల తోట విస్తీర్ణం

మద్రాసు ఉత్తరపు కొసన తిరువొత్తియూరులో రైలు గేటుకు అవతల, సముద్రపు గాలి తగిలేంత దూరంలో, కోకిలకు ముప్పై సెంట్ల కీర తోట ఉండేది. కీర అంటే అక్కడ ఆకుకూర. పొద్దున్నే ఆమె అరకీర, తోటకూర, పొన్నగంటి కోసి కట్టలు కట్టేది. మొగుడు చెంగయ్య వాటి మీద నీళ్లు చల్లి గంపకెత్తేవాడు. కోకిల లోకల్ ట్రైనెక్కి బీచ్ స్టేషన్‌లో దిగి, జార్జి టౌన్ సందుల్లో గంప ఖాళీ చేసుకుని, ఎండ ముదిరేలోగా ఇంటికొచ్చి చద్దన్నం తినేది. ఆ కట్టల మీదే కూతురు నివేదిత రాయవేలూరులో హాస్టల్లో ఉండి నర్సు చదువు చదువుతోంది. "పిల్ల తినిందో లేదో" అని కోకిల రోజూ చెంగయ్యను అడిగేది, ఆయనకేదో కబురు వచ్చినట్టు.

ఆ చుట్టుపక్కల తోటల్లో ఒక కట్టుబాటు ఉంది. నేల మీద నిలబడి ధర మాట్లాడకూడదు. తక్కువ చేసి మాట్లాడితే నేల ముడుచుకుంటుంది. మెచ్చుకుంటే సాగుతుంది. అందుకని కొనేవాళ్లూ అమ్మేవాళ్లూ గేటు దగ్గర టీ కొట్టుకు పోయి, బేరం తెగాకే తోటలోకి వచ్చేవాళ్లు. పోయినేడు పక్క తోట కొన్న కన్నియప్పన్ కూడా అట్లాగే కొన్నాడు. స్టాంపు ఖర్చు మిగులుతుందని, అందరిలాగే, ఇచ్చినదాంట్లో సగమే పత్రంలో రాయించాడు. కాగితం మీది మాట నేలకు వినిపించదు కాబట్టి తోటకేమీ కాలేదు.

మద్రాసు చెన్నై అయిన మరుసటి ఏడు, హార్బరు లారీల కోసం కొత్త రోడ్డు వేస్తామని సర్కారు నోటీసు అంటించింది. కన్నియప్పన్ తోట తప్పించుకుంది. కోకిల తోట పూర్తిగా పోతుంది. కోకిల నెమ్మదస్తురాలు. రోడ్డు వద్దనలేదు. మీంజూరులో అంతే నేల చూసిపెట్టుకుంది. దాని ఆసామి ఆగస్టులో వచ్చే ఆవణి నెల దాకా ఆగుతానన్నాడు. కానీ సర్కారు రేటు కట్టేది చుట్టుపక్కల రిజిస్టరైన పత్రాలను బట్టి. అంటే కన్నియప్పన్ పత్రాన్ని బట్టి.

"ఏం చేస్తాంమే, వచ్చింది తీసుకుందాం. నేను ఏదో ఒక ఫ్యాక్టరీలో వాచ్‌మన్‌గా చేరతా" అన్నాడు చెంగయ్య.

"సగం డబ్బుకు సగం నేల. సగం నేలకు సగం కీర. మరి పిల్లను సగం నర్సును చేస్తావా?" అంది కోకిల. నోటీసు వచ్చినప్పటి నుంచి ఆమె తోటతో ఒక్క మాట మాట్లాడలేదు. నోరు తెరిస్తే ఏడుపొస్తుందని భయం.

నష్టపరిహారం విచారణ రోజు స్పెషల్ తహసీల్దారు పరంధామయ్య సర్వేయరును వెంటబెట్టుకుని జీపు దిగాడు. జార్జి టౌన్ మనిషి, ఇంట్లో తెలుగే. కీరమళ్లు తొక్కకుండా గట్టు మీదే నడిచాడు. ఇరుగుపొరుగు చేరారు. ఆయన రేటు కాగితం తీయగానే చెంగయ్య చేతులు పట్టుకున్నంత పని చేశాడు.

"సార్, సార్! టీ కొట్టు కాడికి పోయి చదవండి. టీ నేనిప్పిస్తా."

"స్థలంలోనే చదవాలయ్యా. రూలు."

చదివాడు. ఆఖరి మాట నోట్లో ఉండగానే తోట ముడుచుకుంది. కంచె కిర్రుమంటూ లోపలికి వచ్చింది. కీరమళ్లు సాయంత్రం బస్సులో జనంలా ఒకదాన్నొకటి ఒరుసుకున్నాయి. బావి జరుగుతూ వచ్చి తహసీల్దారు చెప్పుల దగ్గర ఆగింది. సర్వేయరు గొలుసు లాగి చూశాడు.

"పదిహేను సెంట్లు సార్."

"నొచ్చుకుంది పాపం" అన్నాడు పరంధామయ్య, బావికి కాస్త దూరం జరిగి. "ఏం చేయను తల్లీ? రేటు పత్రాల నుంచే తీయాలి. కొలత ఈరోజు సర్వేయరు కొలిచిందే రాయాలి."

కన్నియప్పన్ ముందుకొచ్చాడు. "తప్పు నాది సార్. నేనిచ్చింది దానికి రెండింతలు. సగమే రాయించినా."

"నోటిమాట నేను రాసుకోలేను. డబ్బు తీసుకుని, చాలదని కోర్టుకు పోవచ్చు. అక్కడ నువ్వొచ్చి చెప్పు. ఏళ్లు పడుతుంది."

"అప్పటికి నా బిడ్డ నర్సు పనిలో రిటైరై ఉంటాది" అంది కోకిల. సర్వేయరు చేతిలో గొలుసు వైపు చూసి, "కొలత మాత్రం ఈరోజుదే కదా సార్? ఇంకోసారి కొలుస్తారా?" అని అడిగింది.

"నేను సంతకం పెట్టేదాకా ఎన్నిసార్లైనా."

కోకిల గట్టు మీద కూర్చుంది. అరచెయ్యి మట్టి మీద ఆనించింది.

"ఏమ్మే, అలిగినావా?" అంది. "ఆయన ఏదో కాగితంలో ఉండేది చదివినాడు. నీ సంగతి ఆయనకేం తెలుసు? ఊళ్లో బావులన్నీ ఉప్పుదేరిన ఏడు నువ్వు తియ్యటి నీళ్లిచ్చినావు. నివేదిత పుట్టినప్పుడు నాకు పాలు పడింది నీ పొన్నగంటితోనే. నా కాలిమెట్టె పోతే మూడేండ్లు దాచిపెట్టి, తోటకూర వేరుకు తగిలించి ఇచ్చినావు. ఇంక మా అమ్మ కూడా అంత జాగర్తగా దాచదు."

నేల కదిలింది. బావి వెనక్కి పోయింది. కంచె సముద్రం వైపు, ఉత్త ఇసకపర్ర మీదికి సాగడం మొదలుపెట్టింది. సర్వేయరు గొలుసు పట్టుకుని దాని వెంట పరుగెత్తాడు.

"ముప్పై సార్! నలభై!"

జనం ఈలలు వేశారు. "ఇంకా పొగుడక్కా, కలకత్తా దాకా పోనీ!"

చెంగయ్యకు కూడా ఉత్సాహం వచ్చింది. "బంగారమే నువ్వు! వజ్రానివే!" అని కేకలు పెట్టాడు. నేల మరింత జోరందుకుంది.

"నువ్వు నోరు మూసుకోయ్యా!" అంది కోకిల. "అన్నా కన్నియప్పన్నా! నువ్వు నిజంగా ఇచ్చిన రేటు లెక్కన నాకు న్యాయంగా రావల్సింది రావాలంటే ఎంత నేల ఉండాల?"

"రేటు సగం కదా తంగచ్చి, నేల రెండింతలుంటే సరి. అరవై."

"ఆగుమే" అంది కోకిల. నేల ఆగింది. సర్వేయరు రొప్పుతూ వచ్చాడు.

"అరవై మూడు."

"పోనీలేమే, సర్కారుకు మూడు సెంట్లు ఒక లెక్కా?" అన్నాడు చెంగయ్య ఆశగా.

"పిల్ల ఫీజు కట్టే డబ్బది. దాంట్లో ఊరకే వచ్చింది కలవకూడదు." కోకిల నేల వైపు వంగి, కాస్త మొహమాటంగా అంది. "ఒకటి చెప్తా, ఏమనుకోవద్దు. మునక్కాయలు మాత్రం ఎప్పుడూ చేదుగానే ఇచ్చినావు."

కంచె చిన్నబుచ్చుకుని కాస్త వెనక్కి వచ్చింది. సర్వేయరు కొలిచి తలూపాడు. అరవై.

"ఇట్లనే ఉండాల. సంతకమైనాక ముడుచుకుంటే నా మర్యాద పోతాది. వాళ్లు అరవైకి డబ్బిస్తా ఉండారు."

పరంధామయ్య విస్తీర్ణం రాసి సంతకం పెట్టాడు. పెన్ను మూసి, ఈసారి మట్టి వైపు చూస్తూ, "మంచి నేల" అన్నాడు. "సార్, మీరూ మొదలుపెట్టకండి!" అని సర్వేయరు గొలుసు చుట్టేశాడు.

ఆవణి రాకముందే మీంజూరు నేల కోకిల పేరు మీదికి వచ్చింది. పత్రంలో ఇచ్చినదంతా రాయించింది. స్టాంపు ఖర్చు చూసి చెంగయ్య రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. నివేదిత చదువు ఆగలేదు.

రోడ్డు పడింది. ఆ ఒక్కచోట మాత్రం రెండింతల వెడల్పు. మిగిలిన జాగా ఏం చేయాలో ఇంజనీర్లకు తోచక బస్టాపు పెట్టారు. లారీలకు అడ్డం కాదు గనుక గంపల వాళ్లను పోలీసులు తరమరు. చేపలమ్మేవాళ్లు చేరారు, పూలవాళ్లు చేరారు. మీంజూరు కీర తీసుకుని కోకిల కూడా ఇప్పుడు జార్జి టౌన్ దాకా పోదు. ఇక్కడే అమ్ముతుంది.

మొదటి రోజు ఆమె వచ్చేసరికి జనం నిండిపోయి ఉన్నారు. ఓ మూల గంప దించబోయింది. కాళ్ల కింద తారు మెల్లగా కదిలి, ఒక గంప పట్టేంత సాగింది.

కోకిల చుట్టూ చూసింది. ఎవరూ గమనించలేదు. గంప దించి, కట్టల మీద నీళ్లు చల్లుతున్నట్టు వంగి, గొంతు తగ్గించి అంది.

"చాల్లేమే. సర్కారు వాళ్లకు లెక్క తప్పుతాది."