ఫోటో తీసింది మా ఆవిడ

మా బాబాయికి ఫోటో స్టూడియో ఉంది. నోరు కూడా ఉంది. రెండింట్లో ఏది పెద్దదంటే మా ఇంట్లో ఎవరూ తడుముకోకుండా చెప్తారు. ఎక్కడికి ఫోటోలు తీయడానికి వెళ్లినా పిన్నిని సాయం తీసుకెళ్తాడు.

మా వీధి టైలరు గారు షాపును కూతురికి అప్పగించిన రోజు ఇద్దరూ వెళ్లారు. మధ్యలో ఫోను మోగింది. బాబాయి కెమెరాను పిన్ని చేతిలో పెట్టి బయటికి నడిచాడు. ఇక ఆ ఫోను ఇప్పట్లో తెగదని పిన్నికి తెలుసు. ఈలోగా కూతురు టేపు తీసి, "నాన్నా, మొదటి చొక్కా నీకే" అంది. వీధి వీధంతటికీ కొలతలు తీసిన మనిషికి తనను కొలిచినవాళ్లు లేరు. చేతులు బారచాపి నిలబడి, చక్కిలిగింతలకు చిన్నపిల్లాడిలా నవ్వాడు. పిన్ని బటన్ నొక్కింది.

స్టూడియో కంప్యూటర్‌లోంచి బయటికెళ్లే ప్రతి ఫోటో మూలనా బాబాయి పేరు దానంతటదే పడుతుంది. దీనికీ పడింది. టైలరు గారి కూతురు దాన్ని నెట్‌లో పెట్టింది. తెల్లారేసరికి ఎవరి ఫోనులో చూసినా అదే.

బాబాయి ఒక్కో పోస్టు కిందకూ వెళ్లి, ఒక్క వేలితో టైపు చేశాడు: 'ఈ ఫోటో నేను తీయలేదు. మా ఆవిడ తీసింది.'

'ఎంత వినయమండీ!' అన్నారు జనం. 'భార్యంటే ఎంత ప్రేమో!' అన్నారు. కాదన్నకొద్దీ ఆయన మరింత గొప్పవాడైపోయాడు.

"నిజం చెప్తే నమ్మరేంటమ్మా!" అని నా దగ్గర జుట్టు పీక్కున్నాడు. నాకు నవ్వాగలేదు.

తర్వాత పత్రికవాళ్లు ఫోన్ చేశారు. తమ సైటు మొదటి పేజీలో బాబాయి పేరుతో ఆ ఫోటో వేస్తారట. ఏళ్ల తరబడి ఆయన పంపిన ఫోటోలకు అందాయన్న జవాబు కూడా ఇవ్వని పత్రిక అది. మళ్లీ చేస్తానని ఫోన్ పెట్టేసి, బాబాయి నోట మాట లేకుండా కూర్చున్నాడు. అప్పుడు మాత్రం నాకు భయమేసింది.

"ఊరుకోండి. ఒక్కసారి మీ పేరు అక్కడ చూసుకోండి. ఎవరి పేరైతే ఏంటి, ఒకే ఇల్లు కదా" అంది పిన్ని. మాటవరసకు అనలేదు. ఆయన ఆ పేజీ కోసం ఎంత ఆశపడ్డాడో ఆమెకంటే తెలిసినవాళ్లెవరు?

"ఇల్లు ఒకటే, కాదన్నానా?" అన్నాడు బాబాయి. "నువ్వు ఫోటో తీస్తుంటే నేను వీధిలో నిలబడి మా బావతో వాగుతున్నాను. ఆ వాగుడు కింద వేయమను నా పేరు, సంతోషంగా వేయించుకుంటా."

పత్రికకు ఫోన్ చేసి, మూలన పేరు లేని ఫోటో పంపుతానన్నాడు. పిన్ని పేరును పుట్టింటి ఇంటిపేరుతో సహా ఒక్కో అక్షరం విడమరిచి రాయించాడు. టైలరు గారి కూతురికీ చెప్పాడు.

"అయ్యో, పిన్నిగారు తీశారా! కొలతల్లో పడి నేను చూడలేదు. మూలనున్న పేరు చూసి మీరేననుకున్నా, మీ కామెంటు కూడా వినయమేననుకున్నా బాబాయిగారూ" అని ఆ పిల్ల నొచ్చుకుంది. వెంటనే తన పోస్టు మార్చింది.

మర్నాడు పత్రిక సైటులో ఫోటో వచ్చింది, కింద పిన్ని పేరు. పిన్ని కళ్లజోడు తుడుచుకుని మరీ చూసింది. నాకైతే అప్పటికే కళ్లు తడిశాయి, ఆమె కూడా ఏడుస్తుందనుకున్నాను. ఆమె మొహం చిట్లించింది.

"ఎడమ చెయ్యి చూడవే. వేళ్లు ఫ్రేములోకి రాలేదు. ఒక్క అడుగు వెనక్కేసుంటే సరిపోయేది."

"ఇన్నిసార్లు చూశావు కదా పిన్నీ, ఇప్పుడు కనబడిందా?"

"అప్పుడది నాది కాదుగా" అంది.

లేచి బాబాయి ముందు చెయ్యి చాపింది. "కెమెరా ఇటివ్వండి. టైలరు గారి షాపు తెరిచే ఉంటుంది."